గాజు పలకలపై కొండలు

నేడు ఛాయాచిత్రం తీయడం చిటికెలో పని. జేబులో పట్టే పరికరం చేతిలో ఉంటే చాలు, కొండైనా కోనైనా క్షణంలో బొమ్మగా మారుతుంది. నూట అరవై ఏళ్ల క్రితం పరిస్థితి ఇలా లేదు. ఒక కొండ బొమ్మ తీయాలంటే ఆ కొండ దగ్గరకు ఒక చిన్న రసాయనశాలనే మోసుకుపోవలసి వచ్చేది. కంచరగాడిదల మీద గాజు పలకలూ, మందుల సీసాలూ కట్టుకొని, దారి లేని చోట దారి చేసుకుంటూ వెళ్లిన కొందరు ఛాయాచిత్రకారులు అమెరికా పశ్చిమ ప్రాంతాన్ని ప్రపంచానికి చూపారు. వారి చిత్రాలు కొన్ని చట్టాలకు తోడ్పడ్డాయి. కొన్ని నిజాలను వెలుగులోకి తెచ్చాయి. మరికొన్ని నిజాలను మరుగున కూడా పెట్టాయి.

1848లో కాలిఫోర్నియాలో బంగారం బయటపడింది. వేలాది జనం తూర్పు రాష్ట్రాల నుంచి, ఇతర దేశాల నుంచి అక్కడికి తరలివెళ్లారు. అయితే తూర్పు తీరపు నగరాల్లో నివసించేవారిలో చాలామందికి పశ్చిమాన ఉన్న కొండలు, లోయలు, ఎడారులు వినికిడి మాత్రమే. నేల నుంచి ఎగజిమ్మే వేడినీటి ధారలున్నాయని, మేఘాలను తాకే వృక్షాలున్నాయని ఎవరైనా చెబితే కట్టుకథలని నవ్వేవారు. ఛాయాచిత్ర విద్య 1839లో పారిస్ నగరంలో లోకానికి వెల్లడైంది. కంటితో చూడనిదానిని నమ్మించడానికి అది మంచి సాధనమైంది.

ఆ కాలంలో ఎక్కువగా వాడినది తడి పలక పద్ధతి. దీనిని 1851లో ఇంగ్లండుకు చెందిన ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ ప్రకటించాడు. ముందుగా కొలోడియన్ అనే జిగురు ద్రవాన్ని శుభ్రమైన గాజు పలక మీద పోసి, పలకను అటూ ఇటూ వంచుతూ పలుచని పొరగా పరచాలి. తరువాత చీకటి గుడారంలో ఆ పలకను సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో ముంచాలి. అప్పుడు దానికి వెలుగు సోకితే మార్పు చెందే గుణం వస్తుంది. వెంటనే దానిని వెలుగు చొరబడని చట్రంలో ఉంచి కెమెరాకు అమర్చి, కటకం మూత తీయాలి. వెలుతురును బట్టి కొన్ని సెకన్ల నుంచి కొన్ని నిమిషాల వరకు వేచి ఉండి మూత పెట్టాలి. మళ్లీ గుడారంలోకి పరుగెత్తి, మరొక ద్రావణం పోసి బొమ్మను తేల్చాలి. ఆ పైన దానిని స్థిరపరచి, నీటితో కడిగి, ఆరబెట్టి, వార్నిష్ పూయాలి. పలక మీద పొర పూసినది మొదలు బొమ్మ తేల్చేవరకు పని అంతా పది పదిహేను నిమిషాల్లో ముగియాలి. పొర ఆరిపోతే పలక పనికిరాదు. అందుకే కెమెరా ఎక్కడికి వెళితే గుడారమూ అక్కడికే వెళ్లేది.

చిన్న పలక మీద తీసిన బొమ్మను పెద్దది చేసుకోవడం ఆ రోజుల్లో తేలిక కాదు. గాజు పలకను కాగితంపై ఆనించి ఎండలో పెట్టి ప్రతి తీసేవారు. కాబట్టి పలక ఎంత ఉంటే బొమ్మ అంతే. పెద్ద బొమ్మ కావాలంటే పెద్ద పలకనే మోయాలి. ఈ పద్ధతికి మరొక గుణం కూడా ఉంది. పలక నీలి వెలుగుకు ఎక్కువగా స్పందించేది. అందువల్ల ఆకాశం తెల్లగా, మబ్బులు లేకుండా కనిపించేది. ఎక్కువసేపు మూత తీసి ఉంచడం వల్ల జలపాతం నీరు పొగమంచులా మారేది. ఆ చిత్రాల్లోని తెల్లని ఆకాశానికీ, మెత్తని నీటికీ కారణం ఇదే.

కార్లెటన్ వాట్కిన్స్ 1829లో న్యూయార్క్ రాష్ట్రంలో జన్మించి, బంగారపు వేట రోజుల్లో కాలిఫోర్నియా చేరాడు. 1861లో ఆయన యోసెమిటీ లోయకు వెళ్లాడు. పద్దెనిమిది అంగుళాల వెడల్పు, ఇరవై రెండు అంగుళాల పొడవు గల గాజు పలకలు పట్టే కెమెరాను వెంట తీసుకువెళ్లాడు. సామానంతా కంచరగాడిదల మీద కొండదారుల్లో సాగింది. ఆ ప్రయాణంలో ఆయన ముప్పై పెద్ద పలకలపై చిత్రాలు తీశాడు. నిటారుగా నిలిచిన రాతి గోడలు, నిశ్చలమైన నీటిలో వాటి నీడలు, మనిషిని చీమలా చూపే మహావృక్షాలు ఆ చిత్రాల్లో ఉన్నాయి. 1862లో న్యూయార్క్ నగరంలో వాటిని ప్రదర్శించారు. 1864 జూన్ 30న అధ్యక్షుడు అబ్రహం లింకన్ యోసెమిటీ లోయను, మారిపోసా వృక్షవనాన్ని ప్రజల కోసం కాపాడే షరతుతో కాలిఫోర్నియా రాష్ట్రానికి అప్పగించే చట్టంపై సంతకం చేశాడు. లింకన్ ఆ లోయను ఎన్నడూ చూడలేదు. ఆ చట్టానికి అనుకూల వాతావరణం ఏర్పడటంలో వాట్కిన్స్ చిత్రాల పాత్ర ఉందని చరిత్రకారులు భావిస్తారు.

తిమోతీ ఓసలివాన్ దారి వేరు. అమెరికా అంతర్యుద్ధంలో యుద్ధభూములను చిత్రించిన అనుభవం ఆయనది. 1867 నుంచి ప్రభుత్వ సర్వే బృందాలతో కలిసి పశ్చిమ ప్రాంతంలో తిరిగాడు. ఆ ఏడాది నెవాడాలోని ఇసుక తిన్నెల మధ్య తన చీకటి గది బండినే చిత్రంగా తీశాడు. నాలుగు కంచరగాడిదలు, బండి, ఆ బండి నుంచి కెమెరా వరకు ఇసుకలో పడిన అడుగుల జాడ అందులో కనిపిస్తాయి. చిత్రకారుడు కనిపించడు, ఆయన శ్రమ కనిపిస్తుంది. నెవాడాలోని వెండి గనుల్లోకి దిగి, మెగ్నీషియం తీగను వెలిగించి, ఆ వెలుతురులో కార్మికులు పనిచేసే చోటును కూడా ఆయన చిత్రించాడు. 1882లో క్షయవ్యాధితో మరణించాడు.

1871లో భూగర్భ శాస్త్రవేత్త ఫెర్డినాండ్ హేడెన్ నాయకత్వంలో ఒక బృందం యెల్లోస్టోన్ ప్రాంతానికి వెళ్లింది. అందులో విలియం హెన్రీ జాక్సన్ ఛాయాచిత్రకారుడు, థామస్ మోరాన్ వర్ణచిత్రకారుడు. కట్టుకథలని నవ్విన వేడినీటి ధారలు జాక్సన్ పలకలపై సాక్ష్యాలుగా నిలిచాయి. హేడెన్ వాటిని చట్టసభ సభ్యులకు చూపాడు. 1872 మార్చి 1న యెల్లోస్టోన్‌ను జాతీయ ఉద్యానంగా ప్రకటించారు. జాతీయ ఉద్యానమనే పేరుతో ఏర్పడిన వాటిలో ప్రపంచంలో అదే మొదటిది. 1873లో కొలరాడోలో మంచు శిలువ ఆకారంలో నిలిచే శిఖరాన్ని చిత్రించడానికి జాక్సన్ ఎదురు కొండ ఎక్కాడు. అక్కడ పలకలు కడగడానికి నీరు లేక, ఎండకు మంచు కరిగేవరకు వేచి ఉన్నాడు. దీర్ఘాయుష్మంతుడైన జాక్సన్ 1890ల మధ్యకాలంలో అనేక దేశాలు తిరిగి, మన దేశంలో కూడా చిత్రాలు తీశాడు. 1942లో తొంభై తొమ్మిదవ ఏట మరణించాడు.

ఈ చిత్రాలు చూసినవారికి ఒక భావన కలుగుతుంది. ఇది మనిషి అడుగు పెట్టని నేల, ఎవరికీ చెందని నేల అనిపిస్తుంది. నిజం అది కాదు. యోసెమిటీ లోయలో అహ్వనీచీ ప్రజలు తరతరాలుగా నివసించేవారు. వాట్కిన్స్ రావడానికి పదేళ్ల ముందు, 1851లో, సాయుధ దళం ఒకటి ఆ లోయలో ప్రవేశించి, వారు దాచుకున్న ఆహారాన్ని తగులబెట్టి వారిని తరిమివేసింది. వాట్కిన్స్ చిత్రాల్లోని విశాలమైన పచ్చికబయళ్లు కూడా ప్రకృతి ఒక్కతే చేసినవి కావు. అహ్వనీచీలు అప్పుడప్పుడు చిన్న మంటలు పెట్టి పొదలను తొలగిస్తూ, తమకు ఆహారమిచ్చే సింధూర వృక్షాలను పెంచుకునేవారు. ఆ పద్ధతి నిలిచిపోయాక లోయలో దేవదారు జాతి చెట్లు దట్టంగా అల్లుకున్నాయి. చూసేవారు అడవి అనుకున్నది నిజానికి ఒకరి పెరడు.

యెల్లోస్టోన్‌లో కూడా ఇదే జరిగింది. ఉద్యానం ఏర్పడిన కొద్ది ఏళ్లలోనే అక్కడి కొండల్లో బతికే షోషోనీ తెగవారిని వేరే చోట్లకు పంపివేశారు. 1869 మే 10న యూటా ప్రాంతంలో ఖండాంతర రైలుమార్గం పూర్తయినప్పుడు ఆండ్రూ రసెల్ తీసిన చిత్రం ప్రసిద్ధి పొందింది. రెండు రైలింజన్లు ఎదురెదురుగా నిలిచి ఉండగా జనం గుమిగూడి కరచాలనాలు చేస్తుంటారు. పడమటి కొండలను తొలిచి ఆ దారి వేసిన వేలాది చైనా కార్మికులు మాత్రం ఆ గుంపులో దాదాపు కానరారు. అయితే కెమెరా ఎప్పుడూ స్థానికులను విస్మరించిందనలేము. 1873లో ఓసలివాన్ నవాహో కుటుంబాన్ని మగ్గంతో సహా చిత్రించాడు. 1864లో సైన్యం బలవంతంగా వందల మైళ్లు నడిపించగా, 1868లో తమ నేలకు తిరిగివచ్చిన ప్రజలు వారు.

కెమెరా అబద్ధమాడదని ఒక మాట ఉంది. దీనిని పరీక్షించినట్లుగా 1977 నుంచి 1979 వరకు కొందరు ఛాయాచిత్రకారులు పాత చిత్రాలు తీసిన చోట్లకే వెళ్లి, అదే కోణంలో మళ్లీ చిత్రాలు తీశారు. ఓసలివాన్ 1869లో యూటాలో తీసిన ఒక చిత్రంలో రాళ్లు ఒక పక్కకు ఒరిగి ఉంటాయి. అక్కడికి వెళ్లి చూస్తే రాళ్లు నిటారుగానే ఉన్నాయి. ఒరిగింది ఆయన కెమెరా! చట్రం ఎక్కడ నిలపాలో, ఎటు వంచాలో, దేనిని బయట వదలాలో నిర్ణయించేది మనిషే. చిత్రంలో ఉన్నది నిజం కావచ్చు. నిజమంతా చిత్రంలో ఉండదు.

వాట్కిన్స్ చివరి రోజులు విషాదకరం. అప్పులవల్ల 1870ల మధ్యలో తన చిత్రశాలను, నెగెటివ్‌లను పోగొట్టుకున్నాడు. వెళ్లిన చోట్లకే మళ్లీ వెళ్లి, తీసిన బొమ్మలనే మళ్లీ తీశాడు. 1906 ఏప్రిల్ 18న శాన్ ఫ్రాన్సిస్కోలో సంభవించిన భూకంపం, దాని వెంట వచ్చిన అగ్నిప్రమాదం వాటిని కూడా బూడిద చేశాయి. అప్పటికి ఆయన చూపు దాదాపు పోయింది. 1916లో ఆసుపత్రిలో కన్నుమూశాడు. కాని ఎవరెవరో కొని దాచుకున్న కాగితపు ప్రతులు మిగిలాయి. గ్రంథాలయాల్లోనూ, ప్రదర్శనశాలల్లోనూ అవి నేటికీ భద్రంగా ఉన్నాయి. యోసెమిటీలోని ఒక శిఖరానికి ఆయన పేరు పెట్టారు. ఆ చిత్రాలను చూసేటప్పుడు కొండల అందంతోపాటు వాటిని మోసుకొచ్చిన మనిషి శ్రమనూ, చట్రం వెలుపల మిగిలిపోయిన మనుషులనూ గుర్తుచేసుకోవడం అవసరం.