బెట్టముగిలాళం: అడవిలో ఊరు, ఊరికి హక్కు

హోసూరుకు దక్షిణాన, డెంకణికోట దాటిన తరువాత కొండల నడుమ బెట్టముగిలాళం పంచాయతీ ఉన్నది. పేరులో వినిపించే ‘బెట్ట’ కన్నడంలో కొండ. ‘ముగిల్’ మన మొగులే, అనగా మబ్బు. ఇచటి పల్లెలలో ఇతర కుటుంబాలతో పాటు ఇరుళర్ గిరిజనులు తరతరాలుగా నివసిస్తున్నారు. తమిళనాడులో ఆదిమ గిరిజన తెగలుగా గుర్తింపు పొందిన ఆరింటిలో వారిదొకటి. వారికి సొంత భాష కలదు. తేనె మొదలైన అటవీ ఫలసాయం, కొద్దిపాటి సేద్యం, కూలిపని వారి జీవనాధారాలు.

నగరం నుండి వచ్చినవారికి ఈ నేల నిర్జనంగా, యజమాని లేనిదిగా కనిపించవచ్చు. వాస్తవం వేరు. అటవీ హక్కుల చట్టం, 2006 ప్రకారం, 2005 డిసెంబరు 13 నాటికే అటవీ భూమిలో నివసిస్తూ, జీవనోపాధికై దానిని సాగు చేసుకొంటున్న గిరిజన కుటుంబానికి, వాస్తవంగా అనుభవంలో ఉన్నంత మేరకు, గరిష్ఠంగా 4 హెక్టార్ల వరకు హక్కు లభిస్తుంది. గిరిజనేతరులైతే మూడు తరాలుగా, అనగా 75 సంవత్సరాలుగా, అడవిపై ఆధారపడి నివసిస్తున్నట్లు చూపవలెను. దరఖాస్తును మొదట గ్రామసభ పరిశీలిస్తుంది. తుది నిర్ణయం జిల్లా స్థాయి సంఘానిది. పరిశీలన ముగిసే వరకు ఎవరినీ ఖాళీ చేయించరాదు. కృష్ణగిరి, ధర్మపురి జిల్లాల అడవులలో 2014లో కావేరి ఉత్తర వన్యప్రాణి అభయారణ్యం ఏర్పడినది. అభయారణ్యాలకు సైతం ఈ చట్టం వర్తిస్తుంది.

హక్కుపత్రం భార్యాభర్తలిద్దరి పేర జారీ అవుతుంది. ఆ హక్కు వారసులకు సంక్రమిస్తుంది. కాని దానిని అమ్ముటకు గాని, బదిలీ చేయుటకు గాని వీలులేదు. హోసూరులో ఇంటిస్థలాల ధరలు భరించలేక కొండలవైపు చూసే కుటుంబాలు ముఖ్యంగా గమనించవలసినది ఇదే. అట్టి భూమికి బయానా ఇచ్చినవారికి చట్టబద్ధమైన హక్కు ఏదీ రాదు. చేతిలోని సొమ్మూ పోవచ్చును. పత్రం చేజార్చుకొన్న గిరిజన కుటుంబం అంతకన్న ఎక్కువే నష్టపోతుంది: ఆ నేల తప్ప వారికి వేరే ఆధారం ఉండదు.

కనుక కొండప్రాంతంలో భూమి చూపినప్పుడు ‘పట్టా ఉన్నదా?’ అని మాత్రమే కాక, ‘ఏ చట్టం కింద ఇచ్చిన పట్టా?’ అని కూడా అడుగవలెను. సందేహం ఉన్నచో తాలూకా కార్యాలయంలో విచారించిన తరువాతనే సొమ్ము చెల్లించవలెను. పొట్టకూటికై ఊరు విడిచి వచ్చినవారికి సొంత నేల విలువ ఒకరు చెప్పనక్కరలేదు.