బండి ధర: బోర్డు మీద ఒకటి, బిల్లులో ఒకటి

విజయవాడ, బందరు, గుడివాడ, చల్లపల్లి దారులు కలిసే ఊరు మన పామర్రు. ఇక్కడ బండి విలాసం కాదు, బతుకుదెరువు. ఆటో నడుపుకునేవారు, చేపలు, పండ్లు ఊరూరా తిప్పి అమ్ముకునేవారు, వెల్డింగు, టింకరింగు పనులకు పొరుగూళ్లు వెళ్లేవారు మనలో ఎందరో ఉన్నారు. ఇలాంటి కుటుంబానికి ఇంటి తరవాత పెద్ద కొనుగోలు బండే. అందులో నాలుగైదు వేలు అనవసరంగా పోయినా ఆ ఇంటికి ఒక నెల సరుకుల డబ్బు పోయినట్టే. జకాత్, సదఖా సొమ్ముతో ఒకరికి ఉపాధి కోసం బండి కొనిపెట్టినప్పుడు కూడా ఇదే జరగవచ్చు. అప్పుడు పోయేది దాత ఇచ్చిన అమానత్. అందుకే బండి బిల్లును ఎలా చదవాలో దాతలకూ, కొనేవారికీ తెలిసి ఉండాలి.

షోరూం ధర అంటే ఏమిటి?

ప్రకటనలో పెద్ద అక్షరాలతో కనిపించేది ఎక్స్ షోరూం ధర. బండి వెల, దాని మీద జీఎస్టీ ఇందులో కలిసే ఉంటాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాకా ఉన్న ద్విచక్ర వాహనాలపైనా, ఆటోలపైనా జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. చిన్న కార్లకూ ఇప్పుడు 18 శాతమే. కానీ పన్ను తగ్గినప్పుడు వేరే పద్దు పెరిగితే కొనేవాడికి ఆ లాభం దక్కదు. మొత్తం ఎంతో అడిగితే ఇది తెలియదు. పద్దుల వారీగా చూస్తేనే తెలుస్తుంది.

షోరూం ధర మీద వచ్చి పడేవాటిని మూడు రకాలుగా విడదీసుకోవాలి. తప్పనిసరిగా కట్టాల్సినవి, మనకు ఇష్టమైతేనే కట్టాల్సినవి, అసలు కట్టనక్కరలేనివి. బిల్లులో ఈ మూడూ పక్కపక్కనే ఒకే అక్షరాల్లో ఉంటాయి. చిక్కంతా అక్కడే ఉంది.

తప్పనిసరివి

సొంత వాడకపు బండికి రాష్ట్ర ప్రభుత్వానికి చెల్లించే లైఫ్ ట్యాక్సు మొదటిది. తరవాత రిజిస్ట్రేషన్ ఫీజు. కేంద్ర నిబంధనల ప్రకారం ఇది మోటారు సైకిలుకు 300 రూపాయలు, సొంత కారుకు 600, ఆటోకు 1,000. అప్పు మీద కొంటే ఆ విషయం ఆర్సీలో రాయడానికి మోటారు సైకిలుకు 500, కారుకు, ఆటోకు 1,500 అదనం. కార్డు, సర్వీసు ఛార్జీల వంటి చిన్న మొత్తాలు మరికొన్ని ఉంటాయి. వీటన్నిటికీ ప్రభుత్వ రసీదు వస్తుంది. 'ఆర్టీవో ఖర్చులు' అని గుండుగుత్తగా ఒక అంకె వేస్తే, రసీదుల మొత్తం ఆ అంకెకు సరిపోతోందా అని అడగాలి.

రెండోది థర్డ్ పార్టీ బీమా. మన బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికి ఇది పూచీ. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారుకు మూడేళ్లకు, ద్విచక్ర వాహనానికి అయిదేళ్లకు ఒకేసారి తీసుకోవాలి. ఈ ప్రీమియాన్ని డీలరు కాదు, కేంద్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది. 2022 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం 75 నుంచి 150 సీసీ మోటారు సైకిలుకు అయిదేళ్లకు 3,851 రూపాయలు. 18 శాతం జీఎస్టీతో కలిపితే 4,544 అవుతుంది.

మన ఇష్టం మీద ఉన్నవి

బీమా పద్దులో మిగతా భాగం మన బండికి జరిగే నష్టం కోసం. అది మంచిదే, తీసుకోవడమే మేలు. కానీ డీలరు దగ్గరే తీసుకోవాలన్న నియమం లేదు. బయట ఏ కంపెనీ నుంచైనా తెచ్చుకోవచ్చు. బీమా నియంత్రణ సంస్థ 2017లో జారీ చేసిన మార్గదర్శకాల ప్రకారం డీలరు తన బీమానే తీసుకోమని బలవంతపెట్టకూడదు. బయట ఇంకొక కొటేషన్ తెచ్చుకుని పక్కన పెట్టి చూస్తే తేడా కనిపిస్తుంది. యజమాని ప్రమాద బీమా 15 లక్షలకు మీకు ఇంతకుముందే ఉంటే మళ్లీ కట్టనక్కరలేదు.

సీటు కవర్లు, గార్డులు, మ్యాట్లు, కోటింగు, పొడిగించిన వారంటీ, రోడ్డు సాయం ప్యాకేజీ కూడా ఈ కోవలోవే. 'ఈ కిట్టు తీసుకుంటేనే బండి ఇస్తాం' అనడం డీలరు షరతే గాని చట్టం కాదు. హెల్మెట్ సంగతి వేరు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 138వ నిబంధన ప్రకారం ద్విచక్ర వాహనం కొనేటప్పుడు ప్రమాణాలకు తగ్గ హెల్మెట్‌ను తయారీదారే సమకూర్చాలి. దానికి విడిగా డబ్బు అడిగితే ఈ నిబంధన గుర్తుచేయాలి.

కారు కొనే దాతలకు ఇంకొక మాట. పది లక్షలు దాటిన వాహనంపై ఒక శాతం టీసీఎస్ వసూలు చేస్తారు. అది పోయే డబ్బు కాదు. ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు.

ఆధారం లేనివి

హ్యాండ్లింగ్ ఛార్జీ, లాజిస్టిక్స్, డిపో ఛార్జీ, డాక్యుమెంటేషన్ అంటూ కనిపించే పద్దులు ఇవి. గోడౌను నుంచి బండి తెచ్చి, కడిగి, కాగితాలు తయారు చేసినందుకని చెబుతారు. కాని షోరూం ధర అంటేనే షోరూంలో బండి అప్పగించే ధర. అక్కడిదాకా తెచ్చిన ఖర్చు అందులో లేకపోతే ఆ పేరుకు అర్థమేముంది? ఈ వసూలు చెల్లదని కొన్ని రాష్ట్రాల రవాణా శాఖలు డీలర్లను హెచ్చరించాయి కూడా. పేరు మార్చుకుని మళ్లీ వస్తుంటుంది కాబట్టి పేరు కాదు, పని ఏమిటో అడగాలి.

ఇది మన ఊరి జబ్బే కాదు. కొత్త కారు అద్దానికి ధరల చీటీ అతికించి తీరాలని అమెరికా 1958లోనే చట్టం చేసింది. అయినా అదనపు ఫీజుల గొడవ ఆగలేదు. అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023 డిసెంబరులో డీలర్ల మీద కొత్త నియమం తెస్తే, 2025 జనవరిలో కోర్టు దాన్ని కొట్టేసింది. చట్టం వచ్చి కాపాడేలోగా కొనేవాడు తన జాగ్రత్తలో తానుండాలి.

వాయిదాల మాటున

వడ్డీ మన ధర్మంలో నిషిద్ధం. అయినా చేతిలో సొమ్ములేక ఫైనాన్సు గడప తొక్కుతున్నవారు మనలో ఉన్నారు. వారికి చెప్పే శాతం ఒకటి, పడే శాతం ఒకటి. లక్ష రూపాయలకు 'పది శాతం ఫ్లాట్' అంటే మూడేళ్లకు వడ్డీ 30,000. నెల వాయిదా 3,611. నెలనెలా అసలు తీరుతున్నా వడ్డీ మాత్రం మొదటి లక్ష మీదే లెక్కకడతారు. నిజానికి ఇది ఏడాదికి దాదాపు 18 శాతం. ప్రాసెసింగ్ ఫీజు దీనికి అదనం. రిజర్వు బ్యాంకు ఆదేశం ప్రకారం 2024 అక్టోబరు 1 నుంచి ఇలాంటి ప్రతి రుణానికీ మొత్తం ఖర్చును, అసలైన వార్షిక రేటును ఒకే పత్రంలో చూపాలి. సంతకానికి ముందు ఆ పత్రం అడిగి తీసుకోవాలి.

ధాన్యం రాశి పాఠం

దైవప్రవక్త ముహమ్మద్ (స) బజారులో ఒక ధాన్యం రాశిలో చేయి పెట్టి చూస్తే లోపల తడి తగిలింది. వాన పడిందని వర్తకుడు చెప్పాడు. తడిసిన గింజలను జనానికి కనిపించేలా పైన ఎందుకు పెట్టలేదని ప్రవక్త (స) అడిగారు. ధాన్యం తేమ విలువ ఎంతో కృష్ణా డెల్టాలో ఎవరికీ చెప్పనక్కరలేదు. ఆయన లాభాన్ని తప్పుపట్టలేదు, దాపరికాన్ని తప్పుపట్టారు. కొలతల్లో మోసగించేవారిని హెచ్చరిస్తూ దివ్య ఖుర్ఆన్‌లో 'అల్ ముతఫ్ఫిఫీన్' అని ఒక సూరాయే ఉంది. వ్యాపారంలో ఉన్న మన సోదరులు కూడా ఇది గమనించాలి. బిల్లు అడుగున దాచిన అంకె రాశి అడుగున దాచిన తడే.

ఏం చేయాలి?

అడ్వాన్సు కట్టకముందే పద్దుల వారీ కొటేషన్ షోరూం ముద్రతో తీసుకోండి. కనీసం రెండు షోరూంలలో అడగండి. ప్రతి రూపాయికీ బిల్లు తీసుకోండి. కొన్నదానికి బిల్లు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద అనుచిత వ్యాపార పద్ధతి. అన్యాయం జరిగితే 1915 నంబరుకు ఫోన్ చేయండి. పరిష్కారం కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. బండి విజయవాడలో కొన్నా, మన నివాసం ఇక్కడ కాబట్టి మచిలీపట్నంలోని కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన ధర అయిదు లక్షల లోపైతే ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు. గడువు రెండేళ్లు.

దాతలకు ఒక మనవి. పేదవాడు షోరూంలో మోసపోయేది తెలివి లేక కాదు, అడగడానికి జంకి. అద్దాల గది, ఇంగ్లీషు కాగితం, తొందరపెట్టే మాటలు అతని నోరు కట్టేస్తాయి. పక్కన చదువుకున్న మనిషి ఒకరు కూర్చుని 'ఈ పద్దు ఏమిటండీ' అని నెమ్మదిగా అడిగితే మాట తీరే మారుతుంది. కాబట్టి బండికి సాయం చేసేటప్పుడు డబ్బుతో పాటు ఒక పూట సమయం కూడా ఇవ్వండి. మీరు వెళ్లలేకపోతే మీ ఇంట్లో డిగ్రీ చదివే పిల్లవాణ్ణి పంపండి. ఫైనాన్సు వైపు పోకుండా వడ్డీలేని అప్పు ఖర్జె హసనాగా ఇవ్వగలిగితే అంతకన్నా మేలు లేదు. అదీ సదఖాయే.

అల్లాహ్ మన సంపాదనలోనూ, మన బేరసారాల్లోనూ నిజాయితీని, బరకత్‌ను ప్రసాదించుగాక. ఆమీన్.