ఉమ్మడి గణనయంత్రములు: కోరు విధము, వాడు విధము

కృత్రిమ మేధను గురించి మన సాహిత్య సభలలో చర్చలు విరివిగ సాగుచున్నవి. అది కవిత్వము చెప్పగలదా, చెప్పినచో అది కవిత్వమగునా అను ప్రశ్నలపై ఉభయపక్షముల వారును గట్టిగనే వాదించుచున్నారు. నేను ఆ వాదములోనికి దిగను. అంతకు ముందు తెలిసికొనవలసిన విషయమొకటి కలదు. ఈ మేధ ఏ యంత్రములపై తయారగుచున్నదో ఆ యంత్రములు మన దేశములో కొంతవరకు ఉమ్మడి సొత్తుగ నున్నవి. తగిన కారణము చూపి వానికై దరఖాస్తు పెట్టుకొనవచ్చును. ఈ సంగతి ఇంజనీరింగు కళాశాలల వారికి తెలిసినంతగా తెలుగు శాఖల వారికి తెలియదు. తెలియకపోవుటవలన నష్టపోవునది తెలుగే.

ముందుగ యంత్రము సంగతి. మన బల్లమీది కంప్యూటరు ఒక పర్యాయము కొద్ది లెక్కలను మాత్రమే చేయును. జీపీయూ అని పిలువబడు పరికరము వేలకొలది చిన్న గుణకారములను ఒక్కమారుగ చేయును. ఇది మొదట బొమ్మలను, ఆటలను తెరమీద చూపుటకై పుట్టినది. భాషను నేర్చు యంత్రమునకు కావలసినదియు అట్టి గుణకారముల రాశియే యగుటచే ఆటబొమ్మల పనిముట్టు పండితుల పనిముట్టయ్యెను. పెద్ద పనులకు పనికివచ్చు పరికరమొక్కటి లక్షల రూపాయలు చేయును. పనికి కావలసినవో, పదులు, వందలు. కాబట్టి వ్యక్తులు కొనుట కల్ల. పదిమంది కలిసి వాడుకొనుటయే మార్గము.

ఈ ఉమ్మడితనము మనకు క్రొత్త కాదు. 1980ల తుదిలో అమెరికానుండి మహాగణనయంత్రములను తెప్పించుకొనుటకు ఆటంకములు రాగా, 1988లో పూనాలో సి-డాక్ సంస్థ వెలసినది. 1991 నాటికి ఆ సంస్థ పరమ్ 8000 అను యంత్రమును నిర్మించెను. మన రచయితలు గుర్తుంచుకొనదగిన ముచ్చట మరియొకటి కలదు. కాన్పూరు ఐ.ఐ.టి.లో మొలకెత్తి, భారతీయ లిపులను కంప్యూటరు తెరపైకి తెచ్చిన జిస్ట్ అను పరిజ్ఞానమును పెంచి పెద్దచేసినదియు ఈ సి-డాక్ సంస్థయే. మహాగణనయు, మన అక్షరమును ఒక కప్పుక్రిందనే పెరిగినవి. తరువాత 2015లో 4,500 కోట్ల రూపాయల అంచనాతో జాతీయ సూపర్ కంప్యూటింగు మిషను వచ్చినది. కాశీలో పరమ్ శివాయ్, బెంగుళూరులో పరమ్ ప్రవేగ, హైదరాబాదు ఐ.ఐ.టి.లో పరమ్ సేవ దాని ఫలములే. కృత్రిమ మేధకై ప్రత్యేకించి కూర్చిన పరమ్ సిద్ధి 2020 నవంబరునాటి ప్రపంచ పట్టికలో 63వ స్థానమందు నిలిచెను.

ఇటీవలిది ఇండియా ఏఐ మిషను. దీనిని కేంద్ర మంత్రివర్గము 2024 మార్చి 7న ఆమోదించినది. ఐదేండ్లకు 10,371.92 కోట్ల రూపాయలు కేటాయించిరి. మొదట అనుకొన్నవి 10,000 జీపీయూలు. 2025లో ప్రభుత్వము ప్రకటించిన లెక్క 38,000 దాటినది. ఇవన్నియు ఒక సర్కారు భవనములో కొలువుదీరినవని భ్రమపడరాదు. ఎంపికయైన వేర్వేరు సంస్థల యంత్రములను ప్రభుత్వము ఒక గుమ్మమువద్దకు చేర్చి, కోరినవారికి ఖర్చులో 40 శాతము వరకు తాను భరించి ఇచ్చుచున్నది. ఆ గుమ్మము 2025 మార్చి 6న తెరువబడినది. అదే సంవత్సరము చెప్పిన సగటు ధర గంటకు 65 రూపాయలు. అర్హులలో విద్యార్థులు, పరిశోధకులు, అధ్యాపకులు, నూతన వ్యాపారసంస్థలు, ప్రభుత్వ శాఖలు కలవు. సాహితీపరుడు ఒంటరిగ పోవుటకంటె ఒక విశ్వవిద్యాలయ శాఖతో జతకూడి పోవుట మేలు.

ఇక తెలుగునకు ఇందులోగల ప్రత్యేకమైన ఇక్కట్టు చెప్పెదను. 'తెలుగు' అను మాటలో మన లెక్కకు మూడక్షరములు. కంప్యూటరు గుణింతమును వేరుగ లెక్కించును గనుక దానికవి ఆరు సంకేతములు. ఒక్కొక్క సంకేతమును నిలువచేయుటకు మూడు బైట్లు కావలెను, వెరసి పదునెనిమిది. ఇంగ్లీషులో అక్షరమునకు ఒక్క బైటే. యంత్రము వాక్యమును మింగుటకు ముందు దానిని తునకలుగ కోయును. ఇంగ్లీషు రాశిపై అభ్యసించిన కోత తెలుగు మాటను ముక్కచెక్కలుగ నరకును. ఎన్ని తునకలో అన్ని లెక్కలు, ఎన్ని లెక్కలో అంత కాలము. అనగా, ఒకే భావమును చెప్పుటకు తెలుగు ఎక్కువ కూలి చెల్లించుచున్నదన్నమాట. తెలుగు పాఠమును ఎదుట నుంచుకొని కోతను మరల అమర్చినచో ఈ భారము చాలవరకు తగ్గును. ఆ అమరికకు గణనకాలము కావలెను, మంచి తెలుగు పాఠమును కావలెను. రెండవది ఏ మిషనువద్దను లేదు. అది మనవద్దనే యున్నది.

నా అనుభవము చెప్పిన తప్పు లేదనుకొందును. ఒక తెలుగు పండితుడు, ఒక ఇంజనీరింగు విద్యార్థి, నేను కలిసి పాత మాసపత్రికల పుటలను యంత్రముచే చదివించు పనికి పూనుకొంటిమి. అప్పటికి దొరకు యంత్రములన్నియు 'వాఁడు' అని యున్నచోట 'వాడు' అనియు, 'మఱి' అని యున్నచోట 'మరి' అనియు చదువుచుండెను. వ్యవహారమునకు అది చాలును. పద్యమునకు చాలదు. రేఫకును శకటరేఫకును ప్రాస కూర్పరాదను నియమమును పాటించిన కవుల పద్యములలో యంత్రము ఱకారమును మింగివేసినచో, కవి చేసిన పని కనబడకుండ పోవును. రేపటి పరిశోధకుడు ఆ పాఠమునే ప్రమాణముగ గైకొనును గదా.

మేమొక కేంద్రమునకు దరఖాస్తు పంపితిమి. నాలుగు పుటలలో భాష ప్రాచీనతను, పత్రికల సేవను ఘనముగ వర్ణించితిమి. ఎన్ని గంటలు కావలెనను గడిలో 'వలసినన్ని' అని వ్రాసితిమి. అది పదునైదు దినములలో తిరిగివచ్చినది. దానితో వచ్చినది ఒకే ప్రశ్న: ఎన్ని గంటలు, ఎట్లు తేలినది? మొదట కోపము వచ్చినమాట నిజము. నిదానముగ ఆలోచింపగా ఆ ప్రశ్న న్యాయమైనదనిపించెను. చెరువు క్రింద పది మడులున్నవి. నీరటివాడు తూము తీయుటకు ముందు నీ పొలమెంత, పైరేది అని అడుగును. వరి మహిమను చెప్పినవానికి వంతు దొరకదు.

లెక్క అంత బ్రహ్మవిద్య కాదు. భాషా యంత్రము తన చదువును దాచుకొను సంఖ్యలను పరామితులందురు. పరామితుల సంఖ్యను, నేర్పబోవు తునకల సంఖ్యతో హెచ్చవేసి, దానిని ఆరింటితో హెచ్చవేసిన చేయవలసిన లెక్కల మొత్తము ఇంచుమించుగ తేలును. ఉదాహరణమునకు 700 కోట్ల పరామితుల యంత్రమునకు 100 కోట్ల తునకల తెలుగు నేర్పవలెననుకొందము. మొత్తము 42 ప్రక్కన 18 సున్నలు. ఒక మంచి జీపీయూ సెకనుకు 1 ప్రక్కన 14 సున్నలు గల లెక్కలు చేయునని జాగ్రత్తపడి పెట్టుకొన్నచో 4,20,000 సెకనులు, అనగా సుమారు 117 గంటలు. (తయారీదారు చెప్పు వేగము ఇంకను చాల ఎక్కువ. దానిని నమ్మి లెక్క వేసినవారు గడువు చాలక మరల చేయి చాపవలసివచ్చును.) గంటకు 65 రూపాయల చొప్పున 7,600 రూపాయలు. ఒక చిన్న కవితాసంపుటిని అచ్చువేయుటకైనను ఇంతకంటె ఎక్కువ అగును. మొదటి పర్యాయమే పని సఫలమైన దాఖలాలు అరుదు గనుక దీనికి మూడింతలు కోరుట లోకమర్యాద. ఆ మాటను దాచక దరఖాస్తులోనే వ్రాయవలెను.

కాలముతోపాటు చోటును చూడవలెను. నేర్చుకొను సమయమున ఒక్కొక్క పరామితికి సుమారు 16 బైట్లు కావలెను. 700 కోట్లకు 112 గిగాబైట్లు. పేరుపడిన జీపీయూలలో 80 గిగాబైట్ల జ్ఞాపకము కలవి సాధారణము. కాబట్టి ఒక్కటి చాలదు. రెండు మూడింటిపై పని పంచవలెను. లేదా మూల యంత్రమును కదల్పక దాని ప్రక్క ఒక చిన్న పొరను మాత్రము నేర్పు పద్ధతి నవలంబింపవలెను. మావంటి పనులకు ఈ రెండవదే చాలినది. ముందుగ చిన్న పరికరముపై వంద పుటలతో పరీక్ష జరిపి, ఆ ఫలితమును జతపరచిన దరఖాస్తుకు బలము వచ్చును. మా రెండవ దరఖాస్తు రెండు పుటలే. అందులో ఒకటి ఈ పట్టిక. అది అంగీకృతమైనది.

పాఠమును గురించి పరిశీలకులు అడుగు ప్రశ్నకు రచయితలే సమాధానము చెప్పగలరు. ఈ పాఠము ఎవరిది, ఎవరి అనుమతితో తెచ్చితిరి? మన చట్టము ననుసరించి రచయిత మరణించిన మరుసటి సంవత్సరారంభమునుండి 60 సంవత్సరములవరకు హక్కు నిలిచియుండును. 1915లో గతించిన గురజాడ రచనలు అందరివి. 1976లో గతించిన విశ్వనాథ రచనల హక్కు 2036 తుదివరకు వారసులది. పాత పత్రికలో ఈ రెండు తెగల రచనలును ప్రక్కప్రక్కన ఉండును గనుక పుటపుటకు పట్టిక వ్రాసికొనక తప్పదు. ఈ పనికి పండితునికి మూడు మాసములు పట్టినది. యంత్రమునకు పట్టిన కాలము అందులో పదవవంతు లేదు. బ్రతికియున్న రచయితలలో కొందరు సంతోషముతో అనుమతినిచ్చిరి, ఇద్దరు నిరాకరించిరి. వారి రచనలున్న పుటలను తీసివేసితిమి. నిరాకరణకు కారణము అడుగలేదు.

వంతు దొరికిన పిమ్మట పద్ధతులు కొన్ని కలవు. ఉమ్మడి యంత్రమునకు ఒక వాకిలి, ఒక లోపలి శాల ఉండును. వాకిట ప్రవేశించి సామగ్రి సర్దుకొనవచ్చునేగాని అక్కడ పెద్ద లెక్కలు చేయరాదు. చేసినచో పదిమందికి దారి అడ్డమగును. కావలసిన జీపీయూలెన్ని, ఎంతసేపు అని ఒక చీటి వ్రాసి వరుసలో పెట్టవలెను. వరుసను నడుపు నీరటివాడు స్లర్మ్ వంటి ఒక కార్యక్రమము. గడువు ముగిసినంతనే, పని సగములోనున్నను, అది నిర్దాక్షిణ్యముగ ఆపివేయును. అందుచే యంత్రము నేర్చినంతవరకు నడుమ నడుమ భద్రపరచు ఏర్పాటు చీటిలోనే ఉండవలెను. గడువు ఎక్కువ కోరినవారి చీటి వరుసలో వెనుకబడును, కొద్దిగ కోరినవారికి సందులలో చోటు దొరకును. మేము పని నంతయు ఆరు గంటల ముక్కలుగ విడదీసికొని, రాత్రివేళ పంపుచుంటిమి.

తాత్కాలికమైన నిలువ ఒకటి ఉండును. అది విశాలమైనది, వేగమైనది. కాని కొన్నాళ్లు ముట్టనిదానిని యంత్రము తానే తుడిచివేయును. ఈ నియమము మాకిచ్చిన పత్రములో స్పష్టముగనే ఉన్నది. మేము చదువలేదు. పండితుడు దిద్దిన 600 పుటల పాఠము ఒక ఆదివారము ఉదయము కనబడలేదు. ఆయన ఒక్కమాటయు అనక, మరల మొదటి పుటనుండి దిద్దుట ప్రారంభించిరి. ఆ తరువాత దిద్దిన ప్రతి పుటకు మూడు ప్రతులు చేసితిమి. ఒక ప్రతి ఆయన బీరువాలోనే ఉండునట్లు నియమము పెట్టుకొంటిమి.

మాకిచ్చిన గంటలలో 40 మిగిలెను. వానిని పట్టుకొని కూర్చొనక తిరిగి ఇచ్చివేసితిమి. తుది నివేదికలో యంత్రము ఇంకను తప్పుచున్న చోట్లనుగూడ వ్రాసితిమి. ఱకారమును ఇప్పుడు చాలవరకు సరిగనే చదువుచున్నది. సిరా అలుకుకొనిపోయిన పుటలలో అరసున్నను మచ్చయనుకొని విడిచిపెట్టుచున్నది. ఆ పుటలను వేరుచేసి ఉంచినాము. వచ్చు దరఖాస్తుకు అవి ఆధారము.