వార్తల్లో పదం: అక్యూట్ స్ట్రెస్ డిజార్డర్

2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు జిల్లా చిన్నటేకూరు దగ్గర బెంగళూరు వెళ్తున్న ప్రైవేటు బస్సు కాలి బూడిదైంది. ఇలాంటి ఘోరాల తర్వాత మృతులను, క్షతగాత్రులను లెక్కపెడతాం. ఆగి సాయం చేసినవాళ్లు, ఏమీ చేయలేక చూస్తూ నిలబడ్డవాళ్లు ఏ లెక్కలోకీ రారు.

వాళ్లలో కొందరిని పట్టి పీడించేదే ఈ రుగ్మత. కళ్లు మూస్తే అదే దృశ్యం. నిద్ర పట్టదు, బ్రేకు చప్పుడుకే ఉలికిపాటు, ఆ దారిన వెళ్లాలంటే భయం. కొందరికి చుట్టూ జరిగేది నిజం కాదేమో అనిపిస్తుంది. ఈ లక్షణాలు 3 రోజుల నుంచి నెలదాకా ఉండి రోజువారీ పనులను దెబ్బతీస్తే అక్యూట్ స్ట్రెస్ డిజార్డర్ అంటారు. నెల దాటినా వదలకపోతే అది పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్ (పీటీఎస్‌డీ) కావచ్చు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 1994లో అక్యూట్ స్ట్రెస్ డిజార్డర్‌ను తన రుగ్మతల జాబితాలో చేర్చింది. ఒంటికి గాయం కానక్కర్లేదు, కళ్లారా చూసినా చాలు. వృత్తిరీత్యా తప్ప, ఫోన్లో వీడియో చూడటం ఈ నిర్వచనంలోకి రాదు.

చాలామంది కొన్ని వారాల్లో వాళ్లంతట వాళ్లే తేరుకుంటారు. ‘ఏం చూశావు, ఎలా జరిగింది’ అని గుచ్చి గుచ్చి అడగడం వల్ల మేలు లేదు. వాళ్లే చెబితే వినాలి, తోడుండాలి. చట్టం సంగతికొస్తే, 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం సాయం చేసినవారికి కేసుల బెడద లేకుండా చూస్తోంది. కానీ వాళ్ల మనసు సంగతి ఎవరికీ పట్టలేదు.

బాధ తగ్గకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేయండి.