వేగం తగ్గిస్తేనే అందుతుంది!

మీ స్నేహితుడు సైకిలు మీద ముందు పోతున్నాడు. అతన్ని అందుకోవాలంటే ఏం చేస్తారు? గట్టిగా తొక్కుతారు. మరి రోదసిలో మీ నౌకకు ముందు అంతరిక్ష కేంద్రం పోతూ ఉంటే? అక్కడ వేగం పెంచితే మీరు ఇంకా వెనకబడిపోతారు!

2011లో వెలువడిన ‘కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్’ అనే కంప్యూటర్ ఆటలో రాకెట్లను మనమే కట్టి ఎగరవేయాలి. భాగాలను ఒక్కొక్కటిగా పైకి పంపి, కక్ష్యలో కలిపి అంతరిక్ష కేంద్రం నిర్మించవచ్చు. ఈ తమాషా ఆ ఆట ఆడేవారికి త్వరలోనే తెలిసివస్తుంది.

నిజమైన వ్యోమగాములకూ ఈ చిక్కు ఎదురైంది. 1965 జూన్‌లో జెమినీ-4 నౌకను నడిపిన జేమ్స్ మెక్‌డివిట్, తమ రాకెట్టు నుంచి విడిపోయిన భాగాన్ని చేరాలని దానివైపే నౌకను తోలాడు. అది చిక్కలేదు. ఇంధనం తరిగిపోతుంటే ప్రయత్నం మానుకోవలసి వచ్చింది.

ఎందుకిలా జరుగుతుంది? ఇంజను మండించి వేగం పెంచితే నౌక పైకి లేచి పెద్ద కక్ష్యలోకి పోతుంది. పెద్ద కక్ష్యలో దారీ ఎక్కువే, నడకా నెమ్మదే. వేగం తగ్గిస్తే నౌక కిందికి దిగుతుంది. అక్కడ చుట్టు త్వరగా పూర్తవుతుంది. అందుకే వెనకబడిన నౌక ముందు కిందికి దిగాలి, దూరం తగ్గాక మళ్ళీ పైకి లేవాలి. సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున ఉన్న అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం భూమిని గంటన్నరలో చుట్టివస్తుంది. ఎంతో దూరాన ఉన్న చంద్రునికి 27 రోజులు పడుతుంది. శ్రీహరికోట నుంచి వెళ్ళిన రెండు స్పేడెక్స్ ఉపగ్రహాలను 2025 జనవరి 16న మన ఇస్రో రోదసిలో జతపరిచింది కూడా ఇటువంటి లెక్కలతోనే.

దగ్గరి కక్ష్యలో చుట్టు తొందరగా పూర్తవుతుందన్న ఈ నియమమే ఒక యువ పరిశోధకుణ్ణి కలవరపెట్టింది. స్విట్జర్లాండుకు చెందిన డిడియే కెలో, తన గురువు మిషెల్ మేయర్‌తో కలిసి డాక్టరేటు కోసం పరిశోధన చేస్తున్నాడు. సుమారు 50 కాంతి సంవత్సరాల దూరంలోని ‘51 పెగసై’ నక్షత్రం కాంతిని ఫ్రాన్సులోని దూరదర్శినితో పరీక్షించగా, ఆ నక్షత్రం అటూ ఇటూ ఊగుతున్నట్టు తేలింది. ఏదో గ్రహం దాన్ని లాగుతూ ఉండాలి. ఒక్కొక్క ఊపుకు పట్టే కాలం 4.2 రోజులే!

అంటే ఆ గ్రహం తన నక్షత్రానికి, భూమి సూర్యునికి ఉన్న దూరంలో ఇరవయ్యో వంతు దూరంలోనే ఉందన్నమాట. బరువు చూస్తే గురుగ్రహంలో దాదాపు సగం. మన గురుగ్రహమేమో సూర్యుణ్ణి చుట్టడానికి సుమారు 12 ఏళ్ళు తీసుకుంటుంది. అంత పెద్ద గ్రహం అంత దగ్గర ఉంటుందా? కెలో ముందు తన పరికరాన్నే అనుమానించాడు. లోగడ ఇతరులు ప్రకటించిన గ్రహాలు కొన్ని, చివరికి లేవని తేలాయి మరి!

గురుశిష్యులు తొందరపడలేదు. నక్షత్రం ఏ రోజు ఎటు ఊగాలో ముందే లెక్కకట్టి, 1995 జూలైలో అది మళ్ళీ కనిపించగానే సరిచూశారు. లెక్క కుదిరింది! అక్టోబరులో లోకానికి ప్రకటించారు. సూర్యునివంటి నక్షత్రం చుట్టూ కనుగొన్న తొలి గ్రహం అదే. 2019లో ఇద్దరికీ నోబెల్ బహుమతి లభించింది. సౌరకుటుంబం వెలుపల కనుగొన్న గ్రహాల సంఖ్య 2025లో 6,000 దాటింది.

ఇప్పుడు మీకో ప్రశ్న. శుక్రగ్రహం భూమికన్నా సూర్యునికి దగ్గర. అక్కడి ఏడాది మన ఏడాదికన్నా పొడవా, పొట్టా? జవాబు మీరే చెప్పగలరు!