బురద బండిలో దొంగ ఎర్తు

అమెరికాలో చలికాలం వస్తే మోటారు సైకిళ్ల అమ్మకాలు పడిపోయేవి. అప్పుడు కూడా అమ్ముకోవడానికి ఏదైనా ఇమ్మని డీలర్లు హోండాను అడిగారు. ఆ పని మీద కూర్చున్న ఇంజనీరు ఒసాము తకెయూచి. 1970లో బయటికొచ్చిన ఆయన బురద బండికి మూడే చక్రాలు, గాలి తక్కువగా నింపిన 22 అంగుళాల బెలూను టైర్లు, 89 సీసీ ఇంజను. తాడు లాగితే స్టార్టయ్యేది. 1982లో సుజుకి నాలుగో చక్రం చేర్చింది. బోల్తా ప్రమాదాలు పెరగడంతో 1988లో అమెరికాలో ఇలాంటి మూడు చక్రాల కొత్త బండ్ల అమ్మకం ఆగిపోయింది. తర్వాత సెల్ఫ్, ఫ్యాను, విద్యుత్ స్విచ్‌తో పడే ఫోర్‌వీల్ డ్రైవ్, వించి ఒక్కొక్కటే వచ్చి చేరాయి. వాటితోపాటు వైరింగూ పెరిగింది. బండి తిరిగేది మాత్రం ఆ బురదలోనే.

అలా తిరిగిన బండి ఒకరోజు సెల్ఫ్ బటన్ నొక్కితే టిక్కుమని ఊరుకుంటుంది. మీటరు పెడితే బ్యాటరీ నిక్షేపంగా 12.6 వోల్టులు చూపిస్తుంది. చాలామంది ఇక్కడే పొరబడి కొత్త సెల్ఫ్ మోటారు కొంటారు. కరెంటు పారనప్పుడు చూసిన వోల్టేజీని నమ్మకూడదు. తెగిపోగా ఒక్క పోగు మిగిలిన తీగ చివర కూడా మీటరు 12 చూపిస్తుంది. మోటారుకు 100 ఆంపియర్లు కావాలనుకుందాం. దారిలో ఒక్క జాయింటు దగ్గర 0.05 ఓముల అడ్డు ఉన్నా, అంత కరెంటు పారాలంటే 5 వోల్టులు అక్కడే వేడిగా ఖర్చవ్వాలి. 1827లో ఓమ్ చెప్పిన సూత్రమే ఇది.

అందుకని మీటరు ఒక కొస బ్యాటరీ నెగెటివ్ మీద, రెండోది ఇంజను లోహం మీద పెట్టి, సెల్ఫ్ నొక్కుతూ చూడాలి. సుమారు 0.2 వోల్టులు దాటితే దొంగ దొరికినట్టే: ఎర్తు బోల్టు కింద తుప్పో, పెయింటో, మట్టో ఉంటుంది. పాజిటివ్ వైపు కూడా రిలే దాకా, అక్కణ్ణుంచి మోటారు దాకా ముక్కముక్కగా ఇలాగే కొలవాలి.

పైకి తీగ బాగానే కనిపిస్తుంది. తొడుగు కాస్త ఒలిచి చూస్తే లోపల పచ్చటి చిలుము. దీపం ఒత్తి నూనె పీల్చినట్టు రాగి పోగులు నీటిని లోపలికి లాక్కుంటాయి. మెరిసే రాగి కనిపించేదాకా కత్తిరించి, అక్కణ్ణుంచి కొత్త తీగ కలపాలి. లైటు ఒకసారి వెలిగి ఒకసారి ఆరుతుంటే హ్యాండిలు ఆ చివరికీ ఈ చివరికీ తిప్పి చూడండి. మెడ దగ్గర వంగి వంగి తీగలు లోపలే తెగుతాయి.

ఛార్జింగు సంగతికొస్తే, ఇంజను రేసు చేసినప్పుడు బ్యాటరీ దగ్గర 13.5 నుంచి 14.5 వోల్టుల దాకా రావాలి. రాకపోతే స్టేటరు ప్లగ్గు విప్పండి. మూడు తీగలుంటే, ఇంజను నడుస్తుండగా ఏ రెండింటి మధ్యయినా ఏసీ వోల్టేజీ ఒకేలా ఉండాలి. ఇంజను ఆపి చూస్తే ఏ తీగకీ బాడీతో సంబంధం ఉండకూడదు. అవి సరిగా ఉంటే రెగ్యులేటరునీ, దాని కనెక్టర్లనీ అనుమానించాలి.

ఫ్యూజు పదేపదే పోతోందని పెద్దది వేయడం మాత్రం ఘోరం. అప్పుడు ఫ్యూజుకు బదులు తీగ కాలుతుంది. కనెక్టరు తిరిగి బిగించే ముందు డైఎలెక్ట్రిక్ గ్రీజు రాయండి. బండి కడిగేటప్పుడు ప్రెషర్ పంపు నీటిని సీటు కిందికి సూటిగా కొట్టకండి.