రెండు రోజుల గురుకులం

హౌరా నుండి ముంబయికి పోయే ప్రధాన రైలుమార్గంపై, భిలాయి ఉక్కు కర్మాగారానికి పొరుగున చరోదా ఉన్నది. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒడంబడిక కుదిరి, 1959 ఫిబ్రవరి 4న భిలాయి తొలి బ్లాస్ట్ ఫర్నేసును రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఖనిజాన్నీ బొగ్గునూ మోసుకువచ్చే గూడ్సు బండ్లను విడదీసి, తిరిగి కూర్చి పంపడానికి చరోదాలో విశాలమైన మార్షలింగ్ యార్డు వెలసింది. యార్డు వెంట రైల్వే కాలనీ, అందులో తెలుగు కుటుంబాలు. 1931లో విజయనగరం–రాయపూర్ మార్గం పూర్తి కావడంతో ఉత్తరాంధ్రకూ ఛత్తీస్‌గఢ్‌కూ నడుమ బాట తెరచుకొన్నది.

ఇటువంటి ఊళ్ళలో ఆదివారమనేది గోడమీది క్యాలెండరులోనే కనబడుతుంది. రైలుకూ, కొలిమికీ సెలవు లేదు. మూడు షిఫ్టులలో పనిచేసే వారు సభ్యులుగా గల ఏ క్లబ్బులోనైనా సాయంకాలపు తరగతికి సగం మందే వస్తారు. మిగిలిన సగం డ్యూటీలోనో, నిద్రలోనో ఉంటారు. అందుచేత ఏడాదికి ఒకటి రెండు మార్లు శని, ఆదివారాలలో జరిపే యుద్ధకళా శిబిరానికి ఇక్కడ ఒక ప్రత్యేకత ఉన్నది. డ్యూటీలు మార్చుకొని, సెలవుచీటీ ముందుగానే వ్రాసి ఇచ్చి అందరూ ఒకచోట చేరేది అప్పుడే.

జపానువారు ఈ శిబిరాన్ని ‘గస్షుకు’ అంటారు. కలసి బస చేయడమని ఆ మాటకు అర్థం. మన గురుకులవాసానికి ఇది దూరపు చుట్టం; కాకపోతే పన్నెండేళ్ళకు బదులు రెండు రోజులు! ఒకినావా దీవిలో బడిపంతులుగా పనిచేసిన గిచిన్ ఫునకోషి 1922లో టోక్యో వెళ్ళి కరాటేను ప్రదర్శించి, అక్కడే నిలిచిపోయాడు. 1924లో కేయో విశ్వవిద్యాలయంలో కరాటే క్లబ్బు ఏర్పడింది. తెల్లని దుస్తులనూ, నడికట్టు రంగులతో అంతస్తును తెలిపే పద్ధతినీ ఆయన జూడో స్థాపకుడైన జిగోరో కానో నుండి స్వీకరించాడు. విశ్వవిద్యాలయ క్లబ్బులు సెలవులలో కొండలకో, సముద్రతీరానికో తరలిపోయి సాధన చేసే అలవాటు కరాటేతో పాటే ప్రపంచమంతటా వ్యాపించింది.

మన దేశంలో ఈ విద్యపై మోజు పెంచిన వాటిలో 1973 నాటి ‘ఎంటర్ ది డ్రాగన్’ చలనచిత్రం ముఖ్యమైనది. అందులో బ్రూస్ లీ చూపినది కరాటే కాదు. అయినా ఆ చిత్రం చూసి ఉర్రూతలూగిన కుర్రవాళ్ళు చేరినది చాలాచోట్ల కరాటే తరగతులలోనే.

శిబిరంలో మొదటి పాఠం వరుసలో నిలబడటం. వరుస వయస్సును బట్టి కాక, నడికట్టును బట్టి ఏర్పడుతుంది. ఇరవై ఐదేళ్ళ సర్వీసు గల ఫోర్‌మన్ తెల్ల బెల్టుతో చివరి వరుసలో ఉంటే, ఆయన ఇంటి పక్కనుండే పదవ తరగతి బాలిక గోధుమరంగు బెల్టుతో ముందు వరుసలో ఉండవచ్చు. ఆయన పిడికిలి తప్పుగా పట్టినప్పుడు సరిచేసేది ఆ బాలికే. “బొటనవేలు లోపల పెట్టకండి బాబాయి గారూ, విరుగుతుంది” అని ఆమె అంటే, “అలాగేనమ్మా” అని ఆయన దిద్దుకోవలసిందే. హోదా మెట్లు ఇంత గట్టిగా బిగిసిన కర్మాగారపు ఊళ్ళలో ఈ దృశ్యం మరెక్కడ కనబడుతుంది? ఇంటికి వెళ్ళిన తరువాత ఆయన మళ్ళీ పెద్దవాడే, ఆ పిల్ల మళ్ళీ చిన్నదే. కాని ఆడపిల్ల చెప్పిన మాట విని చెయ్యి దిద్దుకొన్న మనిషి, ఎంతో కొంత మారకుండా తిరిగి వెళ్ళడు.

కరాటే శిక్షణలో భాగాలు మూడు: మూల కదలికలైన కిహొన్, ఊహలోని ప్రత్యర్థులతో పోరాడే నియత విన్యాసమైన కటా, జంటగా చేసే కుమితే. వారపు తరగతిలో గంటకో గంటన్నరకో ముగిసే అభ్యాసం శిబిరంలో పూటలకొద్దీ సాగుతుంది. ఒకే గుద్దును నూటికి నూరుసార్లు వేస్తే మొదటి ముప్పై బలంతో పడతాయి. తరువాత బలం ఉడుగుతుంది. అప్పుడే భుజం వదులై, నడుము తిరగడం మొదలవుతుంది. ఫునకోషి కేవలం మూడు కటాల కోసం పదేళ్ళు వెచ్చించాడు.

రాత్రి అక్కడే పడుకోవడంలోనూ ఒక మేలున్నది. వేళ్ళతో ఒక వరుస క్రమాన్ని త్వరత్వరగా తట్టడం నేర్పి, నిద్ర తరువాత పరీక్షించగా వేగం సుమారు 20 శాతం పెరిగినట్లు 2002లో అమెరికా పరిశోధకులు ప్రకటించారు. మేలుకొని గడిపిన అన్ని గంటలకు ఆ ఫలితం రాలేదు. వేళ్ళకు పనికివచ్చినది కాళ్ళకూ అంతే వర్తిస్తుందని లెక్కకట్టి చెప్పలేము గాని, శనివారం రాత్రి తికమక పెట్టిన కటా ఆదివారం ఉదయం దానంతట అదే కాలికి అందడం సాధకులకు తెలిసిన అనుభవమే.

తెలుగువారికి ఇదంతా పూర్తిగా పరాయిది కాదు. విజయనగరం, విశాఖ ప్రాంతాల తాలింఖానాలలో కర్రసాము, కత్తిసాము తరతరాలుగా నేర్పుతూ వచ్చారు. ఛాతీపై ఏనుగును నిలబెట్టుకొన్న మల్లవీరుడు కోడి రామమూర్తి పుట్టిన వీరఘట్టం ఆ రాయపూర్ రైలుమార్గానికి ఎంతో దూరం కాదు. తాతలు కర్ర తిప్పిన ఇళ్ళ మనుమలు జపాను భాషలో అంకెలు లెక్కబెడుతున్నారన్నమాట!

అయితే పిల్లలను పంపే తల్లిదండ్రులు శిక్షకుని అడిగి తెలుసుకోవలసిన విషయాలు కొన్ని ఉన్నవి. మొదటిది ఎండ. వేసవిలో ఈ మైదానాలలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. వేడికి దేహం అలవాటుపడటానికి పది నుండి పధ్నాలుగు రోజులు కావాలి. రెండు రోజుల శిబిరం ఆ వ్యవధి ఇవ్వదు. “నీళ్ళు తాగితే మనోబలం తగ్గుతుంది” అనే శిక్షకుడు ఎంత గొప్ప బెల్టు కట్టినా ప్రమాదకారియే. మాట తడబడినా, నడక తూలినా వడదెబ్బగా భావించి, వెంటనే నీడకు చేర్చి, ఒళ్ళంతా చన్నీళ్ళతో తడిపి చల్లబరుస్తూ ఆసుపత్రికి తీసుకుపోవాలి. తలకు దెబ్బ తగిలి కళ్ళు తిరిగినవాడిని, “నాకేం కాలేదు” అని ఎంత బతిమాలినా, ఆనాడు తిరిగి బరిలోకి దించరాదు. వాంతులు, మగత, పెరిగే తలనొప్పి కనబడితే వైద్యుని వద్దకు చేర్చాలి.

రెండవది బెల్టుల వ్యాపారం. శిబిరం ముగియగానే రుసుము చెల్లించిన వారందరికీ కొత్త రంగు దక్కితే, అది పరీక్ష కాదు, దుకాణం. తప్పినవారు ఎందరని అడగడం మర్యాద కాదనుకోనక్కరలేదు; నిజాయతీ గల శిక్షకుడు ఆ ప్రశ్నకు నొచ్చుకోడు. ఆడపిల్లల బసకు బాధ్యురాలైన స్త్రీ ఎవరో కూడా ముందే తెలియాలి. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో కరాటేకు చోటు దక్కింది; 2024 పారిస్ క్రీడలలో దక్కలేదు. కనుక పతకాల ఆశ చూపి వసూలుచేసే వారి మాటలను కొంత తగ్గించి వినడం మంచిది.

ఆదివారం సాయంత్రం చాపలు చుట్టి, హాలు ఊడ్చే పని బ్లాక్ బెల్టులదీ తెల్ల బెల్టులదీ కూడా. ఆ రాత్రే షిఫ్టుకు వెళ్ళవలసినవారు టిఫిను డబ్బాతో త్వరపడతారు. అలవాటులేని శ్రమవల్ల పుట్టే కండరాల నొప్పి ఇరవై నాలుగు గంటల తరువాత గాని పూర్తిగా బయటపడదు. డెబ్భై రెండు గంటల వరకు పీడించగలదు. సోమవారం ఉదయం “ఏముంది, బాగానే ఉన్నాను” అని నవ్విన ఫోర్‌మన్ గారు మంగళవారం మెట్ల దగ్గర రెయిలింగు పట్టుకొని, ఒక్కొక్క మెట్టే దిగుతూ కనబడతారు.